అమెరికా క్రైస్తవుల కలవరము – మనకొక పాఠము

లోకమంతా ఒక్క సంతగా మారుతున్న ఈ కాలంలో పెద్దలిచ్చిన మతము పిల్లల వద్ద నిలుస్తుందా అని మనలో హిందువులూ, క్రైస్తవులూ కూడా చింతిస్తున్నారు. ఈ చింత మనకే పుట్టినది కాదు. నేటాలులోని మన తెలుగు బాప్టిస్టు సంఘాలకు మూలమైన అమెరికాలోనే ఇది ఒకప్పుడు పెద్ద కలహమై సంఘాలను చీల్చింది.

అమెరికా బాప్టిస్టులు పంపిన శామ్యూల్ డే 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఏళ్లు గడిచినా ఫలము స్వల్పము. 1853లో ఆల్బనీ పట్టణంలో కూడిన సభలో ఈ తెలుగు మిషన్‌ను మూసివేద్దామా అన్న చర్చ కూడా వచ్చింది. మూయలేదు. మహా కరువు తరువాత, 1878 జూలై 3న, జాన్ క్లౌ దొర ఆధ్వర్యంలో ఒంగోలు ప్రాంతాన ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందారు. వారిలో అధికులు మాదిగలు.

ఇటువంటి మిషన్ల పని చూచి రమ్మని ఏడు అమెరికా క్రైస్తవ శాఖలకు చెందిన గృహస్థులు ఒక విచారణ సంఘమును ఏర్పరచారు. ఖర్చులో అధిక భాగము రాక్‌ఫెల్లరు భరించాడు. హార్వర్డు తత్త్వశాస్త్రాచార్యుడు హాకింగ్ అధ్యక్షుడు. వారు భారత, బర్మా, చైనా, జపాను దేశాలు తిరిగి 1932లో నివేదిక వెలువరించారు. అన్యమతస్థులతో కలిసి సత్యమును వెదకాలనీ, బడిని, ఆసుపత్రిని మతమార్పిడికి ఎరగా వాడరాదనీ దాని సారాంశము.

సంప్రదాయవాదులు ఉలిక్కిపడ్డారు. అన్ని మతాలూ ఒకటే అయితే ఇల్లు వాకిలి విడిచి నెల్లూరు పోవడమెందుకని వారి ప్రశ్న. అది తేలికగా తోసివేయదగినది కాదు. 1933లో ప్రెస్బిటేరియన్లలో గ్రెషం మేచెన్ వేరొక మిషన్ బోర్డు స్థాపించాడు. బాప్టిస్టులలో సంప్రదాయవాదులు 1943లో తమ మిషన్ సంఘమును వేరుగా పెట్టుకున్నారు. లోకమును మార్చబోయినవారిని లోకమే ప్రశ్నించింది.

అయితే ఈ వాదము పుట్టకముందే తెలుగువారు తమ దారి తాము చూచుకున్నారు. 1903లో తెలుగు బాప్టిస్టులే తమ చందాలతో నెల్లూరు వాడైన జాన్ రంగయ్యగారిని నేటాలుకు పంపారు. కియర్స్నీ తేయాకు తోటల్లో గిరిమిటి కూలీల నడుమ, ఆ ఏడాదే, సంఘము వెలసింది. బోధ తెలుగులో, పాట తెలుగులో. ఆ మతము అప్పటికే అమెరికా సొత్తు కాదు. మన కూలివారిది అయిపోయింది.

అమెరికాలో ఎవరి మాట నెగ్గిందన్నది మనకు ముఖ్యము కాదు. పరాయివారి గాలి సోకితే మతము పోతుందని తలుపులు మూసినందువల్ల అది నిలవదు. తన నోట, తన మాటలో, తన చేతి కష్టముతో నిలుపుకున్నవారి వద్దనే నిలుస్తుంది. కోవెలకు పోయే బిడ్డకైనా, చర్చికి పోయే బిడ్డకైనా ముందుగా తెలుగు నేర్పుదాము. తోటలలో మన పెద్దలు చేసినది అదే.