ఓడరేవు ముఖద్వారంలో ఎరుపు ఏ వైపు? ఒక పరిశీలన

సముద్రం నుంచి విశాఖపట్నం లోపలి హార్బరు కాలువలోకి వచ్చే ఓడకు డాల్ఫిన్స్ నోస్ కొండ ఎడమ చేతి వైపున ఉంటుంది. భారత తీరంలో అమలులో ఉన్న నియమం ప్రకారం కాలువకు ఆ పక్క ఉండవలసిన గుర్తుల రంగు ఎరుపు. కుడి పక్కవి ఆకుపచ్చ. అదే ఓడ న్యూయార్కు రేవుకు చేరితే ఎరుపు కుడి పక్కన, ఆకుపచ్చ ఎడమ పక్కన ఎదురవుతాయి. ఈ తారుమారు ఎలా ఏర్పడిందనేదే ఇక్కడి ప్రశ్న. ప్రచారంలో ఉన్న సమాధానాలలో కనీసం రెండు, తేదీలతో సరిచూసినప్పుడు బలహీనంగానే కనిపిస్తున్నాయి.

1. బ్రిటన్ మీద కోపంతోనే అమెరికా కావాలని రంగులు తిప్పుకున్నదన్నది మొదటి కథనం. వినడానికి బాగుంటుంది. సముద్రం నుంచి వచ్చే ఓడకు కుడి పక్కన ఎర్ర బోయాలు, ఎడమ పక్కన నల్ల బోయాలు ఉండాలని అమెరికా 1850లోనే చట్టం చేసింది. అయితే 1889లో వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ నౌకాయాన సదస్సులో బ్రిటన్ కూడా పాల్గొన్నది. ఆ సందర్భంగా కొన్ని దేశాలు అంగీకరించిన పద్ధతి కూడా దాదాపు ఇదే: కుడి పక్కన శంకువు ఆకారపు ఎర్ర బోయా, ఎడమ పక్కన డబ్బా ఆకారపు నల్ల బోయా. కుడి పక్క ఎరుపు అమెరికా ధిక్కారానికి గుర్తే అయితే, నాలుగు దశాబ్దాల తరువాత ఇతర దేశాలు దాన్ని ఆమోదించడాన్ని వివరించడం కష్టం.

2. రెండవది కొంత గౌరవించదగిన వాదన. ఓడలకు ఎడమ పక్క ఎర్ర దీపం, కుడి పక్క ఆకుపచ్చ దీపం ఉంటాయి గనుక రేవు గుర్తులు వాటినే అనుసరించాయని, అమెరికా ఒక్కటే దారి తప్పిందని ఈ వాదన సారాంశం. ఆవిరి ఓడలకు ఈ పక్క దీపాలను బ్రిటిష్ నియమాలు 1848లో నిర్దేశించాయి. అంటే అమెరికా చట్టం వచ్చే నాటికే ఈ జత రంగులు వాడుకలో ఉన్నాయి. అయినా 1850 నాటి చట్టం మాట్లాడింది బోయాకు పూసే రంగు గురించి. దీపాల గురించి కాదు. పగటి రంగుకూ రాత్రి దీపానికీ పొంతన ఉండాలన్న ఆలోచన అప్పటికి బలపడి ఉండకపోవచ్చు.

3. ఇక్కడ ఒక సాక్ష్యాన్ని ప్రత్యేకంగా గమనించాలి. నేటికీ రెండు పద్ధతులలోనూ ఆకారాలు ఒక్కటే. ఆకారంతో గుర్తించే బోయాలైతే విశాఖలోనైనా న్యూయార్కులోనైనా ఎడమ పక్కది డబ్బా, కుడి పక్కది శంకువు. 1889 నాటి ఒప్పందంలో ఆకారం నిలిచింది, రంగు చీలింది. ఆకారం ప్రధానంగా పగటి గుర్తు. కాబట్టి చీలిక రాత్రి వేళ, అంటే బోయాల మీదికి దీపాలు వచ్చిన దశలో, జరిగి ఉండాలని అనుమానించడానికి ఆధారం ఉన్నది.

4. ఆ దశలో జరిగింది ఇది. నలుపును దీపంగా వెలిగించడం సాధ్యం కాదు. కనుక ఎడమ పక్క నల్ల బోయాకు ఏదో ఒక దీపపు రంగు ఎంచుకోక తప్పదు. ఐరోపాలో కొన్ని రేవుల ముఖద్వారాల వద్ద అప్పటికే ఎడమ పక్కన ఎర్ర దీపాలు ఉండేవి. వాటితో పొసగాలని అక్కడి దేశాలు నల్ల బోయాలకే ఎర్ర దీపాలు అమర్చాయి. ఉత్తర అమెరికాలో మాత్రం ఎర్ర బోయాకే ఎర్ర దీపం పెట్టారు. ఒకరు రేవు ద్వారపు దీపాన్ని అనుసరించారు, మరొకరు బోయా రంగును అనుసరించారు. విడిగా చూస్తే రెండూ తర్కబద్ధమే. ఎవరూ విభేదించాలని ఉద్దేశించినట్లు ఈ క్రమంలో కనిపించదు.

5. సవరణకు ఆ తరువాత ప్రయత్నాలు జరిగాయి. 1936లో జెనీవాలో కుదిరిన ఒప్పందం ఎరుపును ఎడమ పక్కకు కేటాయించి, ఆకుపచ్చను ఎక్కువగా మునిగిన ఓడల గుర్తులకు ప్రత్యేకించింది. యుద్ధం రావడంతో అది అమలుకు నోచుకోలేదు. యుద్ధానంతరం దేశాలు తమ తీరాలను ఎవరికి తోచినట్లు వారు పునర్నిర్మించుకున్నాయి; ఒక దశలో ప్రపంచంలో ముప్పైకి పైగా బోయా పద్ధతులు వాడుకలో ఉండేవి.

ఈ గందరగోళానికి చెల్లించిన మూల్యం డోవర్ జలసంధిలో బయటపడింది. 1971 జనవరి 11న 'టెక్సాకో కరీబియన్' అనే ట్యాంకరు మరో ఓడ ఢీకొని మునిగింది. మరునాడే 'బ్రాండెన్‌బర్గ్' ఆ శిథిలాన్ని తాకి మునిగింది. ఆ చోట హెచ్చరిక గుర్తులు పెట్టిన తరువాత కూడా, ఫిబ్రవరి 27న 'నికి' అనే ఓడ అక్కడే మునిగిపోయింది. మూడు ప్రమాదాలలో కలిపి 51 మంది మరణించారు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం: మొదటి రెండు ప్రమాదాలను గుర్తుల రంగులకు ఆపాదించడం సరికాదు. మూడవదానిని సైతం కేవలం రంగులతో వివరించలేము. కానీ దీపస్తంభాల అధికారుల అంతర్జాతీయ సంఘం సాగిస్తున్న సంస్కరణకు ఈ ఘటనలు ఊపునిచ్చాయన్న విషయంలో సందేహం లేదు. ఎరుపును ఎడమ పక్కన ఉంచే 'ఎ' పద్ధతి 1976లో సిద్ధమైంది. ఎరుపును కుడి పక్కన ఉంచే 'బి' పద్ధతి 1980 నాటికి తయారైంది. ఆ ఏడాది నవంబరులో టోక్యోలో జరిగిన సమావేశం రెండింటినీ ఒకే నియమావళిలో చేర్చి, రంగు విషయంలో మాత్రం ప్రపంచాన్ని రెండు ప్రాంతాలుగా విభజించింది. ఎడమ పక్క నల్ల బోయాలు ఆకుపచ్చగా మారడం అమెరికాలో ఆ తరువాతి పరిణామమే.

6. 'బి' ప్రాంతంలో ఉత్తర, దక్షిణ అమెరికాలతో పాటు జపాన్, కొరియా, ఫిలిప్పీన్స్ ఉన్నాయి. ఫిలిప్పీన్స్ విషయంలో అమెరికా పాలన ప్రభావాన్ని ఊహించడం సమంజసమే. అదే కారణాన్ని జపాన్‌కు అంటగట్టడం తొందరపాటు కావచ్చు. 1889 నాటి సిఫారసును నేరుగా పాటించి ఉండే అవకాశాన్ని తోసిపుచ్చలేము. ఎలా వచ్చినా ఫలితం ఒక్కటే: విశాఖ నుంచి బయలుదేరి యోకొహామా చేరే ఓడ మలక్కా జలసంధి దాటేవరకు ఒక నియమంలో, గమ్యం చేరే సమయానికి దానికి విరుద్ధమైన నియమంలో నడుస్తుంది. ముఖద్వారం సమీపించే ముందు ఏ ప్రాంతపు నియమం వర్తిస్తుందో పటం మీద చూసుకోవలసిన బాధ్యత నావికుడిదే.