ధర్మానికి ఆడిన ఆట

నెల్లూరు సీమలో సముద్రానికి చేరువగా ఉన్న కోట వంటి ఊరిలో నేడు 'బెనిఫిట్ షో' అన్న మాట తెలియని పిల్లవాడు ఉండడు. పెద్ద నటుని చిత్రం విడుదలయ్యే వేళ, అందరికంటె ముందుగా, అభిమానుల కోసమై హెచ్చు ధరకు వేసే ఆట అని వాడు తడుముకోకుండా చెప్పగలడు. ఆ హెచ్చు ధర ఎవరికి 'బెనిఫిట్' అని అడిగితే మాత్రం వానికే గాదు, టిక్కెట్టు కొనియిచ్చిన తండ్రికి గూడ సమాధానం తోచదు. ఈ మాటకు ఒకప్పుడు స్పష్టమైన అర్థముండేది. అది ఎట్లా ఏర్పడినదో, ఎట్లా జారిపోయినదో ఈ ప్రసంగంలో చెప్పదలచినాము.

మాట ఇంగ్లండు నుంచి వచ్చినది. పదునేడవ శతాబ్దపు చివర లండను నాటకశాలలలో ఒక రాత్రి వసూలును ఒక నటికో నటునికో ఇచ్చివేసే ఆచారం మొదలైనది. అనగా ఆదిలో ఈ లాభం నటునిదే. తరువాత క్రమంగా ఆసుపత్రులకు, అనాథలకు, వరదబాధితులకు ప్రదర్శనలివ్వడం పెరిగినది. మన దేశానికి ఈ పద్ధతి రంగస్థలంతోపాటు వచ్చి, తెలుగులో 'సహాయార్థ ప్రదర్శన' అయినది. బళ్ళారి రాఘవ వంటి మహానటుడు నాటకాన్ని జీవనోపాధిగా చూడక, ధర్మకార్యాలకై వేషం కట్టినాడు. బడికి కప్పు వేయించాలన్నా, గ్రంథాలయానికి బీరువాలు కొనాలన్నా ఒక నాటకం వేయిస్తే సరిపోతుందన్న నమ్మకం మన ఊళ్ళలో ఏర్పడినది.

వేలంపాటకు ప్రజాసభలలో మర్యాద తెచ్చిన ఘనత మాత్రం గాంధీజీకే చెందవలె. 1921లో ఆయన నెల్లూరి చెంత పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించినారు. తరువాత 1933-34 సంవత్సరాలలో హరిజన యాత్ర చేస్తూ, తమకు సమర్పించిన సన్మానపత్రాలను, వెండి భరిణెలను అక్కడికక్కడే, సభలోనే, తామే పాట పెట్టేవారు. సంతకం కోరినవారి వద్ద అయిదు రూపాయలు పుచ్చుకొనేవారు. నేటి అభిమానులు తారల సంతకాలకై తొక్కిసలాడుకోవడం చూచినపుడు మాకు ఆ అయిదు రూపాయలు గుర్తుకు వస్తుంటవి. వెండి భరిణె విలువ కొన్నవారికీ తెలుసు, చుట్టూ ఉన్నవారికీ తెలుసు. దానికి మించి పలికినదంతా దానమే. పలికిన ధరను పదిమందీ విన్నారు గనుక దానికి వేరే రసీదు అక్కరలేదు.

సినిమా వచ్చిన పిదప ఈ లెక్క చట్టంలోనికి ఎక్కినది. బ్రిటనులో 1916లో వినోదపు పన్ను విధించినారు. మన దేశంలో 1922లో వంగరాష్ట్రమూ, 1939లో మద్రాసు రాష్ట్రమూ ఆ బాటనే నడచినవి. కోట అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనిదే. వసూలు ధర్మకార్యానికే పోయే ప్రదర్శనకు పన్ను మినహాయింపు పొందే వీలు ఇటువంటి చట్టాలలో ఉండేది. మినహాయింపు కావాలంటే ముందుగా అర్జీ పెట్టుకోవలె, సొమ్ము ఎవరికి చేరుతుందో చెప్పవలె, ఆ తరువాత లెక్క చూపవలె. అధికారి అడిగే ప్రశ్నలు విసుగు పుట్టించి ఉండవచ్చు గాని, 'సహాయం' అన్న మాటకు కాపలా కాచినవి ఆ ప్రశ్నలే.

ఇందులో చిక్కు లేకపోలేదు. నాటకంలో నటుడు కూలి వదులుకుంటే సగం ఖర్చు తగ్గినట్లే. సినిమా అట్లా కాదు. హాలుకు అద్దె ఉన్నది, పంపిణీదారునికి చెల్లించవలసినది ఉన్నది, కరెంటు ఉన్నది, గోడకాగితాలు ఉన్నవి. హాలువారు, పంపిణీదారులు తమ వంతు వదులుకొననిచో, నిండిన ఆటలో గూడ ధర్మానికి మిగిలేది స్వల్పం. కాబట్టి నిర్వాహకులు టిక్కెట్లను చేత బట్టుకొని దుకాణాలకు, ఇళ్ళకు పోయి, రాగల వారికీ రాలేని వారికీ అంటగట్టవలసి వచ్చేది. సినిమా చూడకుండానే టిక్కెట్టు కొనిన పెద్దమనుష్యుడే ఆ ఆటకు అసలైన దాత అని మా అభిప్రాయం.

తారలే స్వయంగా కదలిన సందర్భాలు వేరు. 1952లో రాయలసీమ కరువుకు నందమూరి తారక రామారావు తమ బృందంతో ఊరూరా ప్రదర్శనలిచ్చి నిధి పోగుచేసినారు. 1962, 1965 యుద్ధకాలాలలో రక్షణనిధికి నటీనటులు విరాళాలు సేకరించినారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచి పదివేలకు పైగా ప్రాణాలు తీసినపుడు రామారావు, అక్కినేని నాగేశ్వరరావు వీథులలో జోలె పట్టినారు. తెరమీద దేవుడైన మనిషి మన గుమ్మం ముందు చేయి చాచి నిలిస్తే కాదనగల ఇల్లు ఎక్కడ ఉన్నది? కోట ప్రాంతానికి ఉప్పెన అంటే ఏమో ఒకరు చెప్పనక్కరలేదు. 1984 నవంబరులో శ్రీహరికోట వద్ద తీరం దాటిన తుపాను ఈ చేరువనే విరుచుకుపడినది. 1989 నవంబరులో కావలి వద్ద మరొకటి.

ఈలోగా అభిమాన సంఘాలు పెరిగినవి. విడుదలకు ముందే తమ నటుని చూడాలన్న ఆత్రుత పెరిగినది. ఆ ఆత్రుతకు ధర కట్టడం తేలికని వ్యాపారులు గ్రహించినారు. ఆటకు పేరు పాతదే ఉండిపోయినది, లాభం చిత్రానికే చేరినది. లండనులో మొదలైన చోటికే మాట తిరిగి వచ్చినదన్నమాట! 2017 జూలైలో వస్తుసేవల పన్ను రావడంతో పాత వినోదపు పన్ను చాలవరకు అందులో కలిసిపోయినది. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదులోని సంధ్య థియేటరు వద్ద, 'పుష్ప 2' ముందస్తు ఆటకు వచ్చిన జనసమ్మర్దంలో ఒక తల్లి ప్రాణం పోయినది. ఇకపై ఇట్టి ఆటలకు అనుమతినివ్వబోమని తెలంగాణ ప్రభుత్వం ప్రకటించినది. ఏడాది తిరగకముందే అనుమతులు మరల వచ్చినవి.

అభిమానమంతా వ్యర్థమని ఇందువలన అనరాదు. 1998లో చిరంజీవి రక్తనిధిని స్థాపించినపుడు అభిమానులు సొమ్ముకు బదులు నెత్తురే ఇచ్చినారు. 2022 ఆగస్టు 9న, మహేశ్‌బాబు పుట్టినరోజున, 2006 నాటి 'పోకిరి'ని మరల ప్రదర్శించి, వసూలును పసిపిల్లల గుండె చికిత్సలకు, పేదపిల్లల చదువుకు ఉద్దేశించినారు. అందరూ ముందే చూచిన చిత్రం గనుక ఇక్కడ ఆత్రుతకు ధర లేదు. పాత సహాయార్థ ప్రదర్శనకు దీనికంటె దగ్గరి చుట్టం ఈ మధ్య మాకు కనిపించలేదు.

వేలంపాట గూడ బ్రతికే ఉన్నది. హైదరాబాదు చెంత బాలాపూర్‌లో 1994లో 450 రూపాయలు పలికిన గణపతి లడ్డు 2025లో 35 లక్షలు పలికినది. ఊరి పనులకు ఆ సొమ్ము వాడుతారు. అదే సెప్టెంబరులో, పవన్ కల్యాణ్ నటించిన 'ఓజీ' ముందస్తు ఆటకు చౌటుప్పల్‌లో ఒక టిక్కెట్టును పాట పెడితే 1,29,999 రూపాయలు వచ్చినట్లు, అది ఆ నటుని పార్టీకి విరాళంగా పోనున్నట్లు వార్తలు తెలిపినవి. ఆయన అప్పటికే ఆంధ్రప్రదేశ్ ఉపముఖ్యమంత్రి. ఒక కుర్చీకి, ఒక ఆటకు, లక్షా ముప్పదివేలకు ఒక్క రూపాయి తక్కువ. దానిని ధర్మపు పద్దులో వ్రాయవలెనో, రాజకీయపు పద్దులో వ్రాయవలెనో పాట పాడిన అభిమానిని అడిగితే, బహుశా రెండూ ఒకటేననును.