ఊరిపేరే ఇంటిపేరైన వైనము

ఊరినిబట్టి ఇంటిపేరు వచ్చుట ఆంధ్రదేశమున క్రొత్త గాదు. తాతలు విడిచివచ్చిన గ్రామము మనుమల సంతకములలో నిలిచియుండుట ఏ దస్తరము విప్పినను కాననగును. కాని నాటకముచేత ఇంటిపేరు మాఱుట అరుదు.

కడప జిల్లాలోని సురభి చిన్న గ్రామము. మహారాష్ట్రమునుండి తరలివచ్చి తోలుబొమ్మలాటతో జీవించు కుటుంబములవారు 1885లో అచ్చట బొమ్మలను ప్రక్కనబెట్టి, తామే వేషములు ధరించి 'కీచకవధ' నాడిరి. ఆ సమాజమునకు మూలపురుషుడు వనారస గోవిందరావు. వనారస, రేకందార్ మున్నగునవి ఆ బంధువర్గపు అసలు ఇంటిపేర్లు. జనులకు వానితో పనిలేకపోయెను. ఊరూర డేరా వేసినప్పుడు వారు చూడబోయినది 'సురభివారి' నాటకము.

తెర లాగువాడు, హార్మోనియము వాయించువాడు, రాజు, బంటు, అందఱును ఒక్క సంసారమువారే. నడక నేర్చిన బిడ్డకు వేషము సిద్ధము! ఇతర సమాజములలో స్త్రీపాత్రలను పురుషులే ధరించుచున్న దినములలో సురభివారి ఆడుపడుచులును కోడండ్రును రంగమెక్కిరి. ఇది సామాన్యమైన తెగువ గాదు. 1932లో విడుదలయిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి పాత్ర ధరించినది సురభి కమలాబాయి.

ఆ టాకీలే తరువాత డేరాలకు ప్రేక్షకులను తగ్గించినవి. అయినను 1937లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి 'మాయాబజారు', 'పాతాళభైరవి' నాటకములను విడువక ఆడుచు వచ్చెను. దానిని నడపిన రేకందార్ నాగేశ్వరరావుగారికి 2013లో పద్మశ్రీ లభించెను. ఆయన 2022లో కాలధర్మము నొందిరి. బిరుదుపత్రమున రేకందార్ అని యున్నను, జనులకు ఆయన కడవఱకు సురభి బాబ్జీయే.