నిచ్చెన చివరి మెట్టు

2020 ఆగస్టు 9. ఆదివారం. తెల్లవారుజాము ఐదు గంటల ప్రాంతం. సూర్యుడు రావడానికి ఇంకా ముప్పావుగంట టైముంది.

విజయవాడ ఏలూరు రోడ్డు. రికార్డుల్లో కార్ల్‌మార్క్స్ రోడ్డు అని ఉంటుంది గానీ ఆ పేరు ఆటోవాడికి చెప్తే మొహం చూస్తాడు. పగలు పుస్తకాల షాపులు, బట్టల కొట్లు, హారన్ల మోత. ఆ వేళకి మాత్రం షట్టర్లన్నీ దింపేసి ఉన్నాయి. కరోనా ఊరి గొంతు నొక్కేసిన రోజులవి. వీధి దీపాల కింద కుక్కలు తప్ప కదిలే ప్రాణి లేదు. స్వర్ణ ప్యాలెస్ హోటల్ కింది అంతస్తులో ఏదో కాలుతోంది. పై అంతస్తులకి ఆ సంగతి ఇంకా తెలీదు.

ఆ గదుల్లో పడుకున్నది టూరిస్టులు కారు. కరోనా పేషెంట్లు. ఒక ప్రైవేటు ఆసుపత్రి ఆ హోటల్ని కొవిడ్ సెంటర్‌గా నడుపుతోంది. పేషెంట్లు ముప్పై మంది దాకా, వాళ్లని కనిపెట్టుకునే సిబ్బంది పది మంది దాకా. దగ్గి దగ్గి అలిసిపోయి, అప్పుడే కళ్లు మూతలుపడిన వేళ. పొగ మెట్లదారి పట్టింది.

మంటకి మెట్లదారి దొరికితే అది పొయ్యిగొట్టం కిందే లెక్క. కర్టెన్లు, ఫోము పరుపులు, గోడలకి బిగించిన చెక్క, ప్లాస్టిక్ వైర్లు ఏది అంటుకున్నా నల్లటి పొగ పైకే తన్నుకొస్తుంది. తలుపు కింద సందులోంచి దూరుతుంది. ఏసీ గదులు కాబట్టి అద్దాలన్నీ బిగించేసి ఉంటాయి. లోపలికొచ్చిన పొగ ఇక బయటికి పోదు. ఉక్కిరిబిక్కిరై లేచినవాళ్లకి ముందు అర్థమైంది ఒక్కటే. దిగే దారి లేదు.

కిటికీలు మిగిలాయి. చీకట్లో అద్దాలు పగిలాయి. చేతులు బయటికొచ్చాయి. కాపాడండి, కాపాడండి అన్న కేకలు ఏలూరు రోడ్డు మీద ఆ చివర నుంచి ఈ చివరకి వినపడ్డాయి. ప్రాణభయంతో కిందికి దూకేసినవాళ్లూ ఉన్నారు. అదే వేళకి అగ్నిమాపక కేంద్రంలో 101 ఫోను మోగింది.

ఫోను పెట్టేసిన క్షణం నుంచి ఫైరింజన్ గేటు దాటేదాకా మాటలుండవు. బూట్లు, కోటు, హెల్మెట్, అంతే. ఇంజన్ ఎక్కాక దారిలోనే అడగాల్సినవన్నీ అడుగుతారు. ఎన్ని అంతస్తులు? లోపల ఎంతమంది? ఆ రోజు మాత్రం ఎప్పుడూ అడగని ప్రశ్న ఇంకొకటి వచ్చిపడింది. లోపలున్నవాళ్లకి ఉన్న జబ్బేంటి?

ఆ జవాబు వింటే ఎవరికైనా గుండె గుభేల్మనాలి. అప్పటికి ఐదు నెలలుగా దేశం మొత్తానికీ ఒక్కటే పాఠం. దూరం పాటించు. తల్లి శవాన్ని కొడుకు ముట్టుకోలేని రోజులు, పక్కింటాయన తుమ్మితే తలుపేసుకున్న రోజులు, పాలప్యాకెట్టుని కూడా సబ్బుతో కడిగి లోపలికి తెచ్చుకున్న రోజులు అవి. అలాంటి రోజుల్లో, ఆ జబ్బే ఉన్న మనిషిని ఛాతీకి ఛాతీ ఆనించి, అతని దగ్గు తన మెడ మీద పడుతుంటే మోసుకుని దిగాలి. పీపీఈ కిట్ తొడుక్కోవచ్చు కదా అనిపిస్తుంది. ఆ కిట్ చేసేది ప్లాస్టిక్ జాతి గుడ్డతో. నూట అరవై డిగ్రీల వేడి తగిలితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. వైరస్‌ని ఆపే బట్ట నిప్పు ముందు ఆగదు. ఏదో ఒకటే ఎంచుకోవాలి.

నిచ్చెన గోడకి ఆనింది.

పైకెక్కే ఈ మనిషి ఎవరు? చాలామటుకు ఇంటర్ చదివిన కుర్రాడు. పోలీసు నియామక మండలి పెట్టిన రాతపరీక్ష గట్టెక్కి, ఎత్తూ ఛాతీ కొలిపించుకుని, పదహారు వందల మీటర్లు పరిగెత్తి ఉద్యోగం తెచ్చుకున్నవాడు. శిక్షణలో హోస్ పరవడం, నిచ్చెన వేయడం, తాడు ముడులు, మనిషిని భుజానికెత్తుకుని దిగడం, కాస్త ప్రథమ చికిత్స. అతని శాఖ పూర్తి పేరు చదివితే 'విపత్తుల ప్రతిస్పందన' ముందొస్తుంది, అగ్నిమాపకం తర్వాత. ఆ పేరు ఊరికే పెట్టలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు సింగ్‌నగర్‌ని ముంచెత్తి పోయాక ఇళ్లల్లో పేరుకున్న బురద కడిగింది కూడా ఈ ఫైరింజన్లే.

కింద రోడ్డు మీద ఎదురుచూసే రెండో మనిషి 108 అంబులెన్సు ఈఎంటీ, అంటే అత్యవసర వైద్య సాంకేతికుడు. సైన్సు డిగ్రీనో నర్సింగో చదివి, అత్యవసర వైద్యంలో శిక్షణ తీసుకున్నవాడు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన ఆ సేవకి పల్లెపల్లెలో పేరుంది. బండి నడిపేవాడిని డ్రైవర్ అనరు, పైలట్ అంటారు. ఈ ప్రమాదానికి అయిదారు వారాల ముందే, జులై 1న, బెంజి సర్కిల్ దగ్గర వెయ్యికి పైగా కొత్త 108, 104 బళ్లు బారులు తీరితే ఊరు ఊరంతా వీడియోలు తీసుకుంది. ఆక్సిజన్ ఆ బండిలో ఉంది. ఊపిరాడని మనిషి పై అంతస్తు కిటికీలో ఉన్నాడు. మధ్యలో ఒక నిచ్చెన.

అమెరికాలో చాలా ఊళ్లలో ఈ ఇద్దరూ ఒక్కడే. డాలస్‌లో ఉన్న మనవాళ్లు 911కి ఫోన్ చేసి నాన్నకి గుండెనొప్పి అంటే గుమ్మంలో ముందుగా ఫైరింజన్ ఆగినా ఆశ్చర్యపోరు. అందులోంచి దిగినవాడే ఈసీజీ తీస్తాడు, సెలైన్ పెడతాడు, గొంతులోకి గొట్టం దింపుతాడు. దానికోసం ఫైర్ అకాడమీ అయ్యాక వెయ్యి గంటలకి పైబడ్డ పారామెడిక్ చదువు చదువుతాడు. అక్కడి ఫైర్ స్టేషన్లకి వచ్చే ఫోన్లలో సగానికి పైగా వైద్యం కోసమే. మన దగ్గర ఆ చదువు నిచ్చెన కిందే ఆగిపోయింది. అది పైదాకా ఎక్కాలి. ఎందుకో ఆ తెల్లవారుజామున పొగే చెప్పింది.

పొగలోకి వెళ్లేవాడి లెక్కలు వేరు. వీపు మీద గాలి సిలిండర్. 300 బార్ నిండా ఉంటే అరగంట పైనే వస్తుందని కాగితం మీద లెక్క. మెట్లెక్కుతూ, మనిషిని మోస్తూ పీలిస్తే ఆ లెక్క నిలవదు. గాలి అడుగంటగానే భుజం దగ్గర విజిల్ కూస్తుంది. అది మోగాక వెనక్కి తిరిగి తీరాలి, ఎదురుగా ఎవరి చెయ్యి కనపడుతున్నా సరే. లోపల నిలబడి నడవడం ఉండదు. మోకాళ్ల మీద పాకడమే. ఒక చెయ్యి గోడని వదలదు. మూసి ఉన్న తలుపు ఎదురైతే దాన్ని అరచేత్తో ముట్టుకోరు. చేతి వెనకభాగం ఆనిస్తారు. వెనకభాగం కాలితే ఓర్చుకోవచ్చు. అరచెయ్యి కాలితే ఆ చెయ్యి ఇక నిచ్చెన పట్టుకోలేదు. తలుపు చల్లగా ఉంటే తెరుస్తారు. తెరిచాక ఏం కనపడుతుందో ఎవరికీ తెలీదు.

ఆ ఆగస్టులో ఇంటింటికీ వచ్చి చేరిన వస్తువొకటుంది. పల్స్ ఆక్సీమీటర్. వేలికి తగిలిస్తే అంకె చూపిస్తుంది. తొంభై నాలుగు దాటితే హమ్మయ్య, తగ్గితే పరుగు. జనం దేవుడి పటం కన్నా ఎక్కువసార్లు ఆ అంకెనే చూసుకున్నారు. పొగలో ఆ అంకె అబద్ధం చెప్తుంది. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ నెత్తురుని ఆక్సిజన్ కన్నా రెండొందల రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. దాన్ని మోస్తున్న నెత్తురు కూడా యంత్రానికి ఎర్రగానే, ఆక్సిజన్ నిండినట్టే కనపడుతుంది. తొంభై ఎనిమిది అని చూపిస్తుంటుంది, లోపల మనిషి కూలిపోతుంటాడు. తలనొప్పి, తిక్క మాటలు, కాళ్లు తేలిపోవడం. ఇవే గుర్తులు. మెషీన్‌ని నమ్మాలా, మనిషి మొహాన్ని నమ్మాలా? తేల్చాల్సింది నిచ్చెన మీద ఉన్నవాడే.

ఇంకో చిక్కు. ఫైర్‌మన్ భుజానికెత్తుకునే పద్ధతిలో పేషెంటు పొట్టా ఛాతీ అతని భుజం మీద నొక్కుకుంటాయి. మామూలు మనిషైతే కాసేపు ఓర్చుకుంటాడు. ఊపిరితిత్తులు అప్పటికే సగం చెడినవాడికి ఆ కాసేపే గండం. వీలుంటే నిటారుగా, తన రెండు చేతుల మధ్యన, నిచ్చెనకి ఎదురుగా నిలబెట్టి ఒక్కో మెట్టూ దించాలి. అలా దించడానికి టైము ఎక్కువ పడుతుంది. టైము ఎక్కువైతే పైన ఇంకొకరు మిగిలిపోతారు. ఏది చెయ్యాలి?

కిందికి చూడొద్దు బాబాయ్, నా మొహమే చూడు. కాలు దించు. ఇంకో కాలు. మీద చెయ్యేసి మోసేవాడు ఎవరైనా అనే మాట అదే. నిచ్చెన వణుకుతుంది. పగిలిన అద్దపు ముక్కలు బూటు కింద పరపరమంటాయి. పైనుంచి మసినీళ్లు కారుతుంటాయి. దిగుతున్నవాడి ఒంటి మీద లుంగీ, చేతిలో సెల్‌ఫోను, ముక్కు చుట్టూ మసి. ముక్కు చుట్టూ మసి ఉంటే గొంతులో కూడా ఉన్నట్టే. గొంతు వాచి ఊపిరి దారి మూసుకుపోవచ్చు, గంట తర్వాతైనా సరే. ఈ సంగతి కింద ఉన్నవాడికి చెప్పాలి. చెప్పడానికి ఒక్క వాక్యం టైమే ఉంటుంది.

చివరి మెట్టు. తెల్లటి కిట్‌లో ఉన్న చేతులు అందుకుంటాయి. కళ్లద్దాలకి ఆవిరి పట్టి లోపలి మొహం కనపడదు. సంచీ ఉన్న మాస్కు, ఆక్సిజన్ నిమిషానికి పదిహేను లీటర్లు. మామూలు గాలి పీలిస్తే ఒంట్లోని కార్బన్ మోనాక్సైడ్ సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. ఈ మాస్కుతో గంటా గంటన్నర. బండి తలుపు పడుతుంది. సైరన్ మొదలవుతుంది. ఫైర్‌మన్ చేతులు ఖాళీ అవుతాయి. తలెత్తి చూస్తే ఇంకో కిటికీ.

మంటలు త్వరగానే లొంగాయి. పొగే లొంగలేదు. తెల్లగా తెల్లారాక గదులు ఒక్కొక్కటీ వెతికితే లెక్క తేలింది. పది మంది. ఎక్కువమందిని తీసుకుపోయింది నిప్పు కాదు, ఊపిరాడకపోవడమే. మిగతావాళ్లని వేరే ఆసుపత్రులకి తరలించారు. సరిగ్గా మూడు రోజుల ముందు, ఆగస్టు 6న, అహ్మదాబాద్‌లో ఒక కొవిడ్ ఆసుపత్రి కాలి ఎనిమిది మంది పోయారు. ఆ వార్త పేపర్లో ఇంకా పాతబడలేదు. చనిపోయినవాళ్ల కుటుంబాలకి రాష్ట్ర ప్రభుత్వం తరఫున 50 లక్షల చొప్పున, ప్రధాని సహాయనిధి నుంచి 2 లక్షల చొప్పున ప్రకటించారు. షార్ట్ సర్క్యూట్ అన్నారు. కమిటీలు వేశారు. కేసులు కోర్టులకెక్కాయి. 2021 మార్చిలో పార్లమెంటు చేసిన చట్టంతో అత్యవసర వైద్య సాంకేతికుల పనికి దేశంలో ఒక వృత్తిగా గుర్తింపు వచ్చింది. ఆ పదిమందీ దాన్ని చూడలేదు.

ఏలూరు రోడ్డు మీద నల్లటి నీళ్లు కాలువ వైపు పారుతున్నాయి. ఎండెక్కుతోంది. హోస్‌ని ఊరికే చుట్టెయ్యకూడదు. ఒక చివర నుంచి భుజం మీదకెత్తుకుంటూ, నడుస్తూ, లోపలి నీళ్లు రెండో చివర నుంచి వంపెయ్యాలి. స్టేషన్‌కి తీసుకెళ్లి ఆరబెట్టాలి. గాలి సిలిండర్లకి తగిలించే మాస్కులు కడగాలి. ఆ రోజుల్లో రెండుసార్లు. ఆ తర్వాతే తిండి, స్నానం, ఇంటికి ఫోను. వీటన్నిటికన్నా ముందు ఖాళీ సిలిండర్లు వరసగా పేర్చి కంప్రెసర్‌కి తగిలించాలి. గేజి ముల్లు 300 దగ్గర నిలబడేదాకా పక్కనే నిలబడాలి. 101 మళ్లీ మోగితే ఎక్కించుకోవాల్సిన గాలి అది.