మొర, అర్జీ, రసీదు

ఖమ్మమునుండి వైరా మీదుగా సత్తుపల్లికి పోవు మార్గము తల్లాడయొద్ద చీలి, ఒక శాఖ ఏన్కూరు, జూలూరుపాడుల మీదుగా కొత్తగూడెపు బొగ్గుగనులకును, అటనుండి భద్రాచలపుటడవులకును సాగిపోవును. కొన్నేండ్ల క్రిందట ఈ కూడలిలోని ఒక జిరాక్సు దుకాణము ముందర, ప్లాస్టిక్ సంచిలో భద్రముగా చుట్టిన కాగితములతో నిలిచియున్న ఒక కోయ వృద్ధుడు తన పోడుభూమిని గూర్చి అర్జీ వ్రాసిపెట్టుమని నన్నడిగెను. వ్రాసి చదివి వినిపించితిని. అతడు సాంతము విని, “పని ఐతదో కాదో తర్వాత సంగతి సారూ, కాయితం ముట్టినట్టు ఒక రసీదైతే ఇయ్యమని గూడ రాయి,” అనెను.

ఆ మాట నన్ను విడువలేదు. మానవహక్కులను గూర్చి నేను చదివిన గ్రంథములన్నింటికంటె ఆ రసీదే నాకు ఎక్కువ బోధపరచినది. నిరంకుశ ప్రభుత్వమున ప్రజకు మొర మాత్రమే యుండును. దానిని వినుట, వినకుండుట ప్రభువు చిత్తము. మొరను విని తీరవలెనని, విన్నట్లు సాక్ష్యము చూపవలెనని, త్రోసిపుచ్చిన కారణము చెప్పవలెనని ప్రభుత్వమును ప్రజ నిర్బంధింపగలిగిననాడు ఆ మొరయే హక్కగును. మా సీమ చరిత్రయంతయు ఈ పరిణామమునకు ఉదాహరణముగా నాకు తోచుచున్నది.

నేలకొండపల్లి వాస్తవ్యుడైన కంచర్ల గోపన్న, గోల్కొండను అబుల్ హసన్ తానీషా 1672 మొదలు 1687 వరకు పాలించిన కాలమున పాల్వంచ పరగణాలో ఉద్యోగియై, సర్కారు ధనముతో భద్రాచల రామునికి ఆలయము కట్టించి, గోల్కొండ చెరసాలలో పండ్రెండేండ్లు మ్రగ్గెనని పరంపరాగతమైన కథనము. రాజధనమును వెచ్చించుట నేరమా కాదా యనునది వేరు ప్రశ్న. ఆ శిక్షకు గడువు లేదు. బందీ తన వాదము వినిపించుకొనుటకు రాజునకు పైన మరొక పీఠము లేదు. కావుననే ఆతని మొర దేవునికే చేరవలసివచ్చెను. స్వామికి నేరుగ చెప్పుకొనుటతో తృప్తిపడక, సీతమ్మను సిఫారసు చేయుమని కీర్తనలలో వేడుకొనుటలో భక్తిమాధుర్యముతోపాటు ఆ కాలపు రాజ్యవ్యవస్థ ఛాయ కూడ నాకు గోచరించును: సిఫారసు లేనిదే దర్బారున మాట చెల్లని లోకమున జీవించిన మానవుడు వైకుంఠమును సైతము అట్లే ఊహించుకొనెను.

చెరసాలలోని మొరకు కీర్తన రూపమైన దక్కినది; అడవిలోని మొరకు అదియు లేదు. 1874లో భద్రాచలము, రేకపల్లి ప్రాంతములు మధ్యపరగణాలనుండి మదరాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మారినపిదప పోడుసేద్యముపై పన్నులు, ఆంక్షలు పెరిగెను. 1879లో రంపలో రగిలిన తిరుగుబాటు రేకపల్లికిని వ్యాపించెను. 1882 నాటి మదరాసు అటవీచట్టము వచ్చిన తరువాత తాతలనాటి అడవిలో కట్టె కొట్టుటయు, పశువును మేపుటయు నేరములయ్యెను. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణాపై దాడిచేసి, తీసికొన్న ఆయుధముల లెక్క ఠాణా పుస్తకములోనే వ్రాసి సంతకము చేసి పోయెననుట ప్రసిద్ధము. ఏనాడును గిరిజనునికి రసీదియ్యని సర్కారునకు ఆ తిరుగుబాటుదారుడే రసీదిచ్చి పోయెను! ఆతనిని మాత్రము 1924 మే 7న కొయ్యూరులో విచారణ యనునది లేకయే కాల్చిచంపిరి.

అదే కాలమున మా ఖమ్మము నిజాము పాలనలోని వరంగల్లు జిల్లాలో నుండెను. పటేలు, పట్వారీ, దేశముఖు పిలిచినంతనే పనిముట్టు చేతపట్టుకొని పోవలసిన వెట్టి ఊరూర సాగుచుండెను. చాకలి, కుమ్మరి, మాదిగ మొదలగు కులములవారికి కూలి లేదు, కాదనుటకు నోరు లేదు. 1921 నవంబరులో హైదరాబాదు సభలో తెలుగున ఉపన్యసింపబోయిన వక్తను గేలిచేసి కూర్చుండబెట్టగా, ఆ అవమానమునుండి ఆంధ్రజనసంఘము పుట్టెను. మాతృభాషలో మాటాడు స్వేచ్ఛయే ఇచ్చట మొదటి హక్కుల పోరాటమగుట గమనింపదగినది. సర్కారు ‘గస్తీ నిషాన్ 53’ అను ఉత్తరువుచే ముందనుమతి లేని సభలను నిషేధించెను. అట్టి దినములలోనే 1934లో పులిజాల వేంకటరంగారావు అధ్యక్షతన ఆంధ్రమహాసభ ఖమ్మమున సమావేశమయ్యెను. 1945లో మరల ఇచ్చటనే కూడునప్పటికి అది రైతుకూలీల సభగా మారియుండెను. మధిర ప్రాంతపు ఎర్రుపాలెమున జన్మించిన జమలాపురం కేశవరావు పలుమారులు కారాగారమును చవిచూచెను. ఖమ్మమున చదువుకొనిన దాశరథి కృష్ణమాచార్యులను నిజామాబాదు చెరలో నిర్బంధింపగా, కాగితము, కలము లేనిచోట బొగ్గు చేతబట్టి గోడమీదనే పద్యములు వ్రాసెను. గోల్కొండ చెరలో గోపన్న దైవమునకు మొరపెట్టుకొనగా, నిజామాబాదు చెరలో ఈ యువకవి రాజునే ధిక్కరించెను. ఆ రెండు గోడల నడుమ మా ప్రజ నడచిన దూరము అది.

ఈ పోరాటమును మతద్వేషముగ చిత్రింపజూచువారు షోయబుల్లాఖానును స్మరింపవలెను. వరంగల్లు ప్రాంతపు సుబ్రవేడులో పుట్టి, ‘ఇమ్రోజ్’ అను ఉర్దూ దినపత్రికకు సంపాదకుడై, నిజామునకు కొమ్ముకాసిన రజాకార్ల దౌర్జన్యమును ఖండించి, సంస్థానము భారతదేశమున విలీనము కావలెనని వ్రాసినందులకు ఆతడు 1948 ఆగస్టులో ఒకరాత్రి ఇల్లు చేరబోవుచుండగా హతుడయ్యెను. వ్రాసిన చేతిని సైతము హంతకులు నరికిరి.

సెప్టెంబరు 13న భారతసైన్యము ప్రవేశించెను. అయిదు దినములలో నిజాము పాలన కూలెను. ఆ యేడే డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితి విశ్వ మానవహక్కుల ప్రకటనను అంగీకరించెను. అందు ‘పురుషులందరు’ అను అర్థమిచ్చు పదమును తీసి ‘మానవులందరు’ అని మార్పించినది మన హంసా మెహతా. అయినను ఆ శుభాక్షరముల వెలుగు తెలంగాణమున వెంటనే ప్రసరింపలేదు. సైనికచర్య వెంబడి అమాయక ముస్లిములపై జరిగిన హింసను విచారించిన సుందరలాల్ సంఘపు నివేదిక దశాబ్దములపాటు వెలుగు చూడలేదు. కమ్యూనిస్టులు నడిపిన తెలంగాణ సాయుధపోరాటము 1951 అక్టోబరులో విరమింపబడువరకు అడవి గూడెములవారు సర్కారువి, దళములవి యగు రెండు తుపాకుల నడుమ నలిగిరి. 1950 జనవరి 26న రాజ్యాంగము అమలులోనికి వచ్చి ముప్పదియొకటవ దినమున నివారక నిర్బంధచట్టమును వచ్చెను. ఐనను ఒక మహాభేదము కలదు: 32వ అధికరణముచే, బందీయైనవాడు సుప్రీంకోర్టు తలుపు తట్టు అధికారము ప్రాథమికహక్కయ్యెను. గోపన్నకు లేని పీఠము ఇదియే.

ఆ తలుపును మూయుట ఎంత సులభమో 1975 జూన్ 25న ప్రకటింపబడిన అత్యయికస్థితి చూపెను. డిసెంబరు 1న నక్సలైటు ఖైదీలైన భూమయ్య, కిష్టాగౌడులను ఉరితీసిరి. 1976 ఏప్రిల్ 28న జబల్పూరు కేసులో నలుగురు సుప్రీంకోర్టు న్యాయమూర్తులు, నిర్బంధితుడు న్యాయస్థానమును ఆశ్రయింపజాలడని తీర్పుచెప్పగా, హెచ్.ఆర్. ఖన్నా ఒక్కడే కాదనెను. ప్రధానన్యాయమూర్తి పదవి ఆతనికి దక్కకుండుటయే ఆ సత్యవాక్కునకు మూల్యము. 1978 నాటి 44వ సవరణ జీవితస్వేచ్ఛల హక్కును అత్యయికస్థితిలోను నిలుపకుండునట్లు కాపాడెను. 2017లో సుప్రీంకోర్టే ఆ పాతతీర్పును కొట్టివేసెను. నలువది యొక్క సంవత్సరములకు ఒంటరి కంఠము న్యాయమయ్యెను.

తలుపున్నంతమాత్రమున చాలదు, తట్టువారుండవలెను. 1974లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘము, న్యాయవాది కన్నబిరాన్, ఎన్‌కౌంటర్ అను మాట వెనుకనున్న మృతదేహమునకు పేరు, ఊరు, తల్లి కలరని లోకమునకు చెప్పుటయే పనిగా పెట్టుకొనిరి. వరంగల్లులో పిల్లల వైద్యుడు, ఆ సంఘపు నాయకుడునైన రామనాథము 1985లో తన వైద్యశాలలోనే కాల్చివేయబడెను. గణితాచార్య వృత్తిని వదలిన బాలగోపాల్ 1998లో మానవహక్కుల వేదికను స్థాపించినవారిలో నుండి, రాజ్యహింసనే కాక సాయుధ ఉద్యమముల హింసను సైతము ప్రశ్నింపవలెనని నిలిచెను. అడవి గ్రామములలో రాత్రి తుపాకీ పట్టి తలుపు తట్టువాని వేషము ఏదైనను లోపలివాని భయమొక్కటియే యని యెరిగిన మాసీమవారికి ఆ మాటలోని న్యాయము వేరుగ వివరింపనక్కరలేదు.

2006 నాటి అటవీహక్కుల చట్టము, గిరిజనులకు జరిగిన అన్యాయము చారిత్రకమని తన పీఠికలోనే ఒప్పుకొనెను. దాని నియమములలో, గ్రామసభ తరఫున హక్కులసంఘము దరఖాస్తును స్వీకరించి, అందినట్లు తెలుపవలెనని కలదు. నా వృద్ధ మిత్రుడా నియమమును చదువలేదు, చదువ నేరడు. అయినను మూడు తరముల అనుభవమే ఆతనికి ఆ నియమమును నేర్పెను.

అర్జీ వ్రాసిన నాటి సాయంకాలము ఆతడు మరల కూడలికి వచ్చెను. నేను వ్రాసిన అర్జీ నకలుమీద కార్యాలయపు ఊదారంగు ముద్రయు, తేదీయు, ఒక గజిబిజి సంతకమును పడియుండెను. భూమి దక్కలేదు, దక్కునో లేదో ఎవరికిని తెలియదు. ఆతడు ఆ కాగితమును ఆరుటకై కొంతసేపు రెండు చేతులతో గాలికి పట్టుకొని, పిదప నాలుగు మడతలు పెట్టి సంచిలో అన్నిటికంటె లోపల దాచుకొని, కొత్తగూడెపు బస్సెక్కెను.