అధికారి నిర్లక్ష్యానికి పరిహారం ఎవరు కట్టాలి? దారి చూపింది కర్నూలు జిల్లా కేసే!

కోడుమూరు తహసీల్దార్ ఆఫీసైనా, అమరావతి సచివాలయమైనా.. అధికారి నిర్లక్ష్యంతో మనకు నష్టం జరిగితే డబ్బు ఎవరు కట్టాలి? 'సర్కారు మీద కేసు నిలుస్తుందా?' అని చాలామంది వెనక్కి తగ్గుతారు. రుజువులుంటే నిలుస్తుంది. ఆ మాట గట్టిగా చెప్పిన తీర్పు మన ఉమ్మడి కర్నూలు జిల్లా కేసులోనే వచ్చింది.

అసలేం జరిగిందంటే..

1977 మే 5 అర్ధరాత్రి దాటాక దుండగులు కోయిలకుంట్ల సబ్‌జైలులోకి చొరబడి ఓ సెల్‌పై బాంబులు విసిరారు. రిమాండ్‌లో ఉన్న తండ్రి చనిపోయారు. కొడుకు గాయాలతో బయటపడ్డారు. కాపలాలో నిర్లక్ష్యం జరిగిందంటూ కుటుంబం రూ.10 లక్షలకు దావా వేసింది. గడువు దాటిందని కింది కోర్టు కొట్టేసింది. హైకోర్టు మాత్రం రూ.1.44 లక్షలు, 6 శాతం వడ్డీతో కట్టాలంది.

జైలు నడపడం సార్వభౌమాధికారం కిందికి వస్తుందని, పరిహారం అడగడం కుదరదని ప్రభుత్వం సుప్రీంకోర్టులో వాదించింది. చల్లా రామకృష్ణారెడ్డి కేసుగా పేరుపడ్డ ఈ వ్యవహారంలో 2000 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. ఖైదీకీ జీవించే హక్కు ఉంటుందని, దాన్ని కాలరాస్తే ఆ సాకు చెల్లదని కోర్టు తేల్చేసింది.

అధికారి జేబుకూ చిల్లే!

సాధారణంగా ముందు కట్టేది ప్రభుత్వమే. కానీ కావాలని వేధిస్తే ఆ సొమ్మును బాధ్యుల నుంచే రాబట్టాలని 1993లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆర్టీఐ సమాచారం కారణం లేకుండా ఆపితే రోజుకు రూ.250 చొప్పున, గరిష్ఠంగా రూ.25 వేల జరిమానా సమాచార అధికారిపైనే పడుతుంది. అయితే నిజాయితీగా తీసుకున్న నిర్ణయం తర్వాత తప్పని తేలినంత మాత్రాన అధికారి సొంతంగా కట్టక్కర్లేదు. చాలా చట్టాల్లో ఆ రక్షణ ఉంది.

దావా వేయాలంటే?

* సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద ముందు నోటీసివ్వాలి. రెండు నెలలు ఆగాలి.
* అత్యవసరమైతే కోర్టు అనుమతితో నోటీసు లేకుండానే వేయొచ్చు.
* చట్టం ప్రకారం చేసిన పనిపై పరిహారానికి గడువు ఏడాదే. ఆలస్యం చేయొద్దు.
* అర్జీ, రసీదు, ఎండార్స్‌మెంట్ కాపీలు దాచుకోండి.

కోయిలకుంట్ల ఘటన నుంచి తుది తీర్పు దాకా 23 ఏళ్లు పట్టింది. అంతకాలం నిలబెట్టేది చేతిలో ఉన్న కాగితాలే!