ట్యూబులైటు గాజు గుచ్చుకుంటే పుండు మానదా?

"ట్యూబులైటు ముక్క గుచ్చుకుంటే పుండు మానదు, దూరంగా ఉండండి" అన్న మందలింపును మనలో చాలామంది చిన్ననాట విన్నవాళ్లమే. మా వైపు అంగళ్లు, పుంగనూరు, కుప్పం ఊళ్లలో పెద్దలు ఇప్పటికీ ఆ మాట అంటారు. చదువుకున్నవారు దీనిని మూఢనమ్మకమని తోసిపుచ్చుతారు. కాని ఒక కాలంలో అది అక్షరాలా నిజం. ఆ కాలం 1949తో ముగిసింది. మాట మాత్రం మిగిలింది.

ముందుగా దీపం ఎందుకు పగులుతుందో చూద్దాం. పాత పసుపు బల్బులోని తీగ సుమారు 2,500 డిగ్రీల వేడిలో వెలుగుతుంది. గాజు బుడ్డి కూడా చేయి పెట్టలేనంత కాగుతుంది. అలాంటి గాజుపై చల్లని నీటి చుక్క పడితే ఆ చోటు ఒక్కసారిగా ముడుచుకుంటుంది, చుట్టుపక్కల గాజు ముడుచుకోదు, బుడ్డి పగిలిపోతుంది. కోడిపిల్లలకు వెచ్చదనం కోసం బల్బులు వేలాడదీసే షెడ్లలో నీళ్లు చింది బల్బు పేలడానికి కారణమిదే. కింద ఎండు వరిపొట్టు పరచి ఉంటుంది కనుక అక్కడ గాజు కన్న నిప్పుకే ఎక్కువ భయపడాలి.

ట్యూబులైటు సంగతి వేరు. దాని లోపల ఆర్గాన్ వాయువు అతి పలుచగా ఉంటుంది. బయటి గాలి పీడనంలో అది సుమారు మూడు వందల వంతు మాత్రమే. గాజు ఎక్కడ చిట్లినా బయటి గాలి లోపలికి దూసుకుపోతుంది. ఆ "ఠప్" చప్పుడు అదే. తరువాత ముక్కలు ఎగిరిపడతాయి, తెల్లని పొడి పొగలా లేస్తుంది. రెండు కొసలూ నల్లబడి, వెలుగుతూ ఆరుతూ ఉండే ట్యూబును "ఇంకో నెల వస్తుందిలే" అని వదిలేయడం మన ఇళ్లలో మామూలే. స్టార్టరు పదేపదే ప్రయత్నిస్తూ ఉంటే చోక్ వేడెక్కుతుంది, కొసల దగ్గర గాజు బలహీనపడుతుంది. అలాంటి ట్యూబును ఆనాడే మార్చాలి.

మానని పుండు కథ ఆ తెల్లని పొడిలో ఉంది. 1938లో అమెరికాలో ఈ దీపాలు అమ్మకానికి వచ్చాయి. కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలను తెల్లని వెలుగుగా మార్చేది గాజు లోపలి పూతే. తొలినాళ్ల పూతలో బెరీలియం అనే లోహపు సమ్మేళనం కలిపేవారు. ఈ లోహాన్ని ఇచ్చే బెరిల్ ఖనిజం మనకు కొత్తది కాదు. నెల్లూరు జిల్లా గూడూరు వైపు అభ్రకం గనుల్లో అది దొరుకుతుంది. నవరత్నాల్లోని పచ్చ కూడా బెరిల్‌కు ఒక రూపమే.

మసాచుసెట్స్ రాష్ట్రంలోని సేలం పట్టణంలో ట్యూబులు తయారుచేసే కర్మాగారం ఒకటి ఉండేది. (మన పొరుగు సేలం కాదు.) అక్కడ పనిచేసిన యువతులు కొందరు ఆయాసంతో, దగ్గుతో, బరువు తగ్గిపోతూ వైద్యుల వద్దకు రాసాగారు. కొందరికి పని మానేసిన తరువాతగాని వ్యాధి బయటపడలేదు. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తులనిండా మచ్చలు, కఫంలో మాత్రం క్షయ క్రిములు లేవు. కొందరిది క్షయ అనుకున్నారు, కొందరిది సార్కాయిడ్ అనే మరో వ్యాధి అనుకున్నారు. "సేలం సార్కాయిడ్" అన్న పేరు కూడా పుట్టింది. బెరీలియం వల్ల హాని లేదని 1943లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్యశాఖ నివేదికే చెప్పి ఉండడంతో ఎవరి చూపూ పొడివైపు మళ్లలేదు.

మళ్లించినవారు డాక్టర్ హారియెట్ హార్డీ. ఆమె రోగుల ఊపిరితిత్తులతోపాటు వారి పనిని గురించి కూడా ఆరా తీశారు. 1946లో టాబర్‌షా అనే సహచరునితో కలిసి 17 మంది రోగుల వివరాలు ప్రకటించారు. నాకు ఎంతో ఇష్టమైన వైద్యపత్రాలలో అదొకటి. ఆ రోజుల్లోనే మరొక విషయమూ బయటపడింది. పగిలిన ట్యూబు గుచ్చుకున్నవారి గాయాలు నెలలు గడిచినా మానేవి కావు. అక్కడ గట్టి గడ్డలు లేచేవి, కోసి తీస్తేనే నయమయ్యేది. మన పెద్దల మందలింపుకు మూలం ఇదే కావచ్చునని నా ఊహ. 1949 నడుమ అమెరికన్ కంపెనీలు బెరీలియం పూతను మానుకొని, కాల్షియం హాలోఫాస్ఫేటును వాడసాగాయి.

ఈ కథ చదివినప్పుడల్లా నాకు మదనపల్లె చేరువలోని ఆరోగ్యవరం గుర్తుకు వస్తుంది. డెన్మార్క్ వైద్యుడు ఫ్రిమోట్ మొల్లర్ నాయకత్వంలో 1915లో ఆరంభమైన క్షయ చికిత్సాలయం అది. క్షయ ఇంతగా ఉన్న దేశంలో ఎక్స్‌రేలో మచ్చ కనిపిస్తే మొదట క్షయే తోచడం సహజం. కఫంలో క్రిములు కనబడక, మందులకు లొంగక ఉన్న రోగిని "ఏం పని చేస్తావు నాయనా?" అని అడగడం మన ఆసుపత్రుల్లో నేటికీ అరుదే. రాళ్ల క్వారీలో పనిచేసే మనిషి ఊపిరితిత్తుల్లో సిలికా పేరుకున్నా ఆ ఒక్క ప్రశ్న అడగక క్షయ మందులే మింగుతూ ఉంటాడు.

నేటి ట్యూబులో బెరీలియం లేదు. గుచ్చుకుంటే మామూలు గాజు గాయమే. శుభ్రంగా కడిగి, ముక్కలు తీయించి, ధనుర్వాతం సూది వేయించుకుంటే చాలు. ఉన్నది పాదరసం, కొత్తవాటిలో కొద్ది మిల్లీగ్రాములు, పాతవాటిలో అంతకు ఎన్నో రెట్లు. పాదరసం మింగితే పేగులు పీల్చుకునేది అత్యల్పం, ఆవిరిగా పీలిస్తే మాత్రం సుమారు 80 శాతం రక్తంలో చేరుతుంది. ఒక్క ట్యూబు పగిలినంత మాత్రాన భయపడవలసింది లేదు. పిల్లలను బయటికి పంపి, కిటికీలు తెరిచి, పావుగంట ఆగి, అట్టముక్కతో ముక్కలెత్తి, పొడిని తడికాగితంతో తుడిచి, అన్నీ మూత గల డబ్బాలో వేయండి. చీపురుతో ఊడిస్తే పొడి గదంతా పరుచుకుంటుంది.

నాకు ఆందోళన కలిగించేది ఊరేగింపుల్లో డజన్లకొద్దీ ట్యూబులను ఒంటిమీద పగులగొట్టుకునే విన్యాసం. చేసేవాడికి కళ్లు, మెడ నరాలు ప్రమాదంలో ఉంటాయి. ఆ పొడినీ ఆవిరినీ పీల్చేది ముందువరుసలో కూర్చున్న పసిపిల్లలు. పాదరసంపై మినమాటా ఒప్పందం ప్రకారం 2027 నాటికి ఈ ట్యూబుల తయారీ, ఎగుమతి, దిగుమతి ఆగిపోవాలి. ఎల్‌ఈడీలు బిగించాక విప్పిన పాత ట్యూబులు మన బడుల్లో, ఆఫీసుల్లో, మగ్గాల ఇళ్లలో గోడవారగా కట్టలుగా పడి ఉన్నాయి. 2016 నాటి ఈ-వ్యర్థాల నిబంధనలు వాటిని తిరిగి సేకరించే బాధ్యతను తయారీదారులపైనే పెట్టాయి. పాతసామాన్ల బండికి వేయకండి. అక్కడ కొసల అల్యూమినియం మూతల కోసం వాటిని పగులగొడతారు.